ఇంటికి వచ్చేది ఎవరో అడిగారా?

మోకీలు మార్పిడి ఆపరేషన్ కోసం పది ఆసుపత్రులు వాకబు చేస్తాం. సర్జన్ అనుభవం ఎంతో ఆరా తీస్తాం. తీరా ఇంటికొచ్చాక, ‘ఫిజియోథెరపీ చేయించండి’ అన్న మాటను మాత్రం ఎవరో ఇచ్చిన ఫోన్ నంబరుకు వదిలేస్తాం. వచ్చినవారు ఏం చదివారో, ఏం చేస్తున్నారో అడగం. ఆపరేషన్ ఫలితాన్ని నిలబెట్టేది ఆ తర్వాతి వారాలే. పక్షవాతం విషయంలోనూ అంతే. కోలుకునే వేగం మొదటి మూడు నెలల్లోనే ఎక్కువ.

ఇక్కడ ఇద్దరి పాత్రలు వేరని తెలుసుకోవాలి. ఫిజియోథెరపిస్టు డిగ్రీ చదివినవారు. రోగిని పరీక్షించి, ఏ వ్యాయామం ఎన్నిసార్లు చేయాలో, ఎప్పుడు పెంచాలో నిర్ణయించేది వారే. సహాయకులు ఆ ప్రణాళికను దగ్గరుండి చేయిస్తారు. నడిపిస్తారు, పడిపోకుండా పట్టుకుంటారు, ఏ రోజు ఎలా ఉందో థెరపిస్టుకు చెబుతారు. సొంతంగా వ్యాయామాలు మార్చడం వారి పని కాదు. అమెరికాలో ఈ సహాయకులకు రెండేళ్ల కోర్సు, పరీక్ష, లైసెన్సు ఉంటాయి. మన దగ్గర ఈ పేరుతో వచ్చేవారిలో శిక్షణ పొందినవారూ ఉంటారు, మర్దన తప్ప మరేమీ తెలియనివారూ ఉంటారు. అందుకే అడగాలి.

ఎక్కడ వెతకాలి? ముందు ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలోని ఫిజియోథెరపీ విభాగంలోనే అడగండి. రోగి సంగతి వారికి తెలుసు. ఖర్చు భారమైతే దగ్గర్లోని పెద్ద ప్రభుత్వాసుపత్రిలో విచారించండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకైతే మండలాల్లోని భవిత కేంద్రాలు ఉన్నాయి.

వచ్చినవారిని మొహమాటపడకుండా మూడు ప్రశ్నలు అడగండి. మీరు ఏం చదివారు? ప్రణాళిక రాసింది ఎవరు, మళ్లీ ఎప్పుడు వచ్చి చూస్తారు? ఇలాంటి రోగులకు ఇంతకుముందు చేయించారా? మంచి థెరపిస్టు వీటికి నొచ్చుకోరు. ఫిజియోథెరపీ సహా అనుబంధ వైద్య వృత్తుల కోసం 2021లో పార్లమెంటు చట్టమే చేసింది. అర్హత అడగడం అనుమానించడం కాదు, మీ హక్కు.

కొన్ని తప్పులను మీరే కనిపెట్టవచ్చు. పక్షవాతంతో పడిపోయిన చేతిని పట్టుకుని లాగి లేపుతుంటే వెంటనే ఆపండి. భుజం కీలు జారే ప్రమాదం ఉంది. మోకీలు ఆపరేషన్ అయినవారికి సుఖంగా ఉందని మోకాలి కింద దిండు పెట్టి వదిలేస్తే కాలు పూర్తిగా చాపుకోలేరు. పిక్క వాచి, నొప్పిగా, వెచ్చగా ఉంటే మర్దన చేయించకండి. లోపల రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు. వెంటనే డాక్టరుకు చూపించండి. వ్యాయామం తర్వాత కొంత నొప్పి మామూలే. మర్నాటికీ తగ్గకుండా పెరుగుతుంటే థెరపిస్టుకు చెప్పండి.

చివరిగా ఒక్క మాట. థెరపిస్టు వచ్చేది రోజుకో గంట. మిగతా సమయమంతా రోగి మీ దగ్గరే ఉంటారు. ఆ గంటలో టీవీ ముందు కూర్చోకండి. పక్కన నిలబడి నేర్చుకోండి. ‘పాపం, నాన్నకు నొప్పి’ అని జాలిపడి మానిపించకండి, ‘కాస్త నడుస్తున్నారుగా’ అని మధ్యలో ఆపేయకండి. ఎప్పుడు ఆపాలో ప్రణాళిక రాసినవారినే చెప్పనివ్వండి. ఇంటి పెద్దలు తమ పనులు తాము చేసుకుంటూ తిరగడం కంటే మనకు కావలసింది ఏముంది?