ఆఖరి చుట్టు

ఈ వారం మీతో ఒక మోటారు పందెం గురించి ముచ్చటించాలని ఉంది. కోడిపందాలూ ఎడ్లపందాలూ ఎరిగిన మనకి కార్ల పందెం కొత్తే గాని, పందెం చూసేవాడి గుండెదడ ఎక్కడైనా ఒకటే గదా! అది జరిగింది 1979 ఫిబ్రవరి 18, ఆదివారం నాడు. చోటు, అమెరికాలో ఫ్లారిడా రాష్ట్రంలోని డేటోనా బీచి. పందెం పేరు డేటోనా 500. అంటే ఐదువందల మైళ్ల పరుగన్నమాట.

ఇన్నేళ్లకి మళ్లీ ఎందుకు తలుచుకుంటున్నానంటే, ఆనాడు ఆఖరి చుట్టులో ఢీకొన్న ఇద్దరిలో కేల్ యార్‌బరో 2023 డిసెంబరు 31న కన్నుమూశాడు. మూడు వారాలు తిరక్కుండానే, 2024 జనవరిలో, రెండోవాడు డానీ అలిసన్‌ని ఆ క్రీడవారు తమ కీర్తి మందిరంలో చేర్చుకున్నారు. నేను డానీ పక్షం వాణ్ణి. అంచేత నా మాటల్లో కాస్త పక్షపాతం కనిపిస్తే చదువరులు మన్నించాలి.

ముందు ఈ ఆట సంగతి నాలుగు ముక్కలు. దీన్ని స్టాక్ కారు పందెం అంటారు. దుకాణంలో అమ్మకానికి ఉంచిన సరుకుని స్టాకు అంటాం చూశారూ, ఆ మాటే ఇది. మొదట్లో మామూలు జనం కొనుక్కునే కార్లతోనే పందెం వేసేవారు. 1979 నాటికి పైరూపు మాత్రం అదే ఉండి, లోపలంతా ఇనపగొట్టాల చట్రమూ, పందేనికని తయారుచేసిన ఇంజనూ వచ్చేశాయి. డేటోనాలో ఒకప్పుడు సముద్రపొడ్డున ఇసకమీదే పరుగులు తీయించేవారు. 1959లో రెండున్నర మైళ్ల చుట్టుబాట ఒకటి కట్టారు. మలుపుల దగ్గర దాని వాలు 31 డిగ్రీలు. మన ఇళ్ల పెంకుటికప్పుని తలుచుకోండి, దానిమీద కార్లు పరుగెడుతున్నాయనుకోండి. అలాంటి చుట్లు 200.

ఇంకొక రహస్యం ఉంది. అది తెలియకపోతే ఈ కథ అర్థం కాదు. వేగంగా పోయే కారుకి పెద్ద శత్రువు గాలి. ముందు కారు గాలిని చీల్చుకుంటూ పోతుంటే, దాని తోకకి అంటుకుని వచ్చేవాడికి ఆ శ్రమ తగ్గుతుంది. లారీ వెనకాల సైకిలు తొక్కిన కుర్రాడికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ మిగిలిన బలంతో వెనకవాడు అదను చూసి పక్కకి తప్పుకుని, వడిసెలలోంచి వెలువడిన రాయిలా ముందుకు దూసుకుపోగలడు. అందుకే ఆ రోజుల్లో డేటోనాలో ఆఖరి చుట్టు మొదలయ్యేటప్పుడు మొదటి స్థానం కంటే రెండో స్థానమే మేలనేవారు.

నేనప్పట్లో వర్జీనియాలో చదువుకుంటున్నాను. మేం నలుగురం తెలుగువాళ్లం ఒకే వాటాలో ఉండేవాళ్లం. ఆ ఆదివారం తూర్పుతీరమంతా మంచు పట్టుకుంది. మర్నాటికి వాషింగ్టనులో అడుగున్నర పేరుకుంది. గడప దాటే ఆశ లేదు. కింద వాటాలో ఉత్తర కరోలినా నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన టెలివిజను చూద్దురుగాని రమ్మని పిలిచాడు. ఐదువందల మైళ్ల పందేన్ని మొదటినుంచి చివరిదాకా దేశమంతటికీ జరుగుతుండగానే చూపించడం అదే మొదటిసారి. సి.బి.ఎస్. వారు చూపించారు. మాలాగే మంచులో చిక్కుకుని, వేరే గత్యంతరం లేక చూసినవాళ్లు ఆవేళ లక్షలమంది.

కాసేపు చూశాక మాలో గుంటూరు కుర్రాడు విసుక్కున్నాడు. "ఒరేయ్, గుండ్రంగా తిరగడమేగా! మా ఊళ్లో గానుగెద్దూ తిరుగుతుంది" అన్నాడు.

పెద్దాయన అదేమిటో చెప్పమని పట్టుబట్టి, చెప్పించుకుని, కడుపుబ్బ నవ్వాడు. "అదే గానుగకి నలభై ఎద్దుల్ని ఒకేసారి వదలండి అబ్బాయిలూ, అప్పుడు చెప్పండి" అన్నాడు. ఆయన రిచర్డ్ పెట్టీ భక్తుడు. నేను అందరికంటే ముందు పోతున్న డానీని ఎంచుకున్నాను. అలా మొదలైన అభిమానం అలాగే ఉండిపోయింది.

పొద్దున వాన పడిన మూలాన మొదటి పదిహేను చుట్లు బాట ఆరేదాకా మెల్లిగా నడిపించారు. ముప్పైరెండో చుట్టులో డానీ, అతని అన్న బాబీ, కేల్ ముగ్గురూ ఒకరికొకరు తగిలి గింగిరాలు తిరిగి బురదలో పడ్డారు. డానీకి ఒక చుట్టు పోయింది. కేల్‌కి ఏకంగా మూడు చుట్లు పోయాయి. మరొకడైతే పందెం ముగిసిందనుకునేవాడు. కాని అప్పటి నిబంధన ఒకటుంది. ఎక్కడన్నా ప్రమాదమై పసుపు జెండా చూపితే, గీత చేరేదాకా పరుగు ఆగదు. చుట్టు వెనకబడినవాడు ఆ క్షణంలో అందరికంటే ముందున్నవాణ్ణి దాటి గీత తాకితే, పోయిన చుట్టు తిరిగొస్తుంది. కేల్ మూడు చుట్లూ అలా ఒక్కొక్కటే సంపాదించుకున్నాడు. నా మనిషికి ప్రత్యర్థే అయినా, ఆ పట్టుదలకి చెయ్యెత్తి మొక్కాలి.

ఆఖరికి మిగిలింది ఇద్దరు. ముందు డానీ, తోకకి అంటుకుని కేల్. మూడోవాడు అర చుట్టు వెనక. ఆఖరి చుట్టులో వెనకవైపు నిటారుబాటలో కేల్ అందరూ ఎదురుచూసిన పనే చేశాడు. లోపలివైపుకి తప్పుకుని దూసుకొచ్చాడు. డానీ కూడా అటే జరిగి దారి మూశాడు. కేల్ ఎడమచక్రాలు తడిసిన గడ్డిలోకి దిగాయి. అయినా కాలు ఎత్తలేదు. రెండు కార్లూ ఒకసారి తగిలాయి, మళ్లీ తగిలాయి, ఒకదానికొకటి అతుక్కుపోయినట్టు మూడో మలుపు గోడకి కొట్టుకుని, జారుకుంటూ కిందికి వచ్చి పచ్చికలో ఆగాయి.

మా గదిలో మాట లేదు. ఇంతలో టెలివిజను ఇంకోవైపు తిరిగింది. అర చుట్టు వెనకనున్నవాళ్లు వస్తున్నారు. అందరికంటే ముందు నీలమూ ఎరుపూ రంగుల కారు, 43వ నెంబరు, రిచర్డ్ పెట్టీ! పెద్దాయన కుర్చీలోంచి లేచి చిన్నపిల్లాడిలా గంతులేశాడు. డారెల్ వాల్ట్రిప్‌ని ఒక కారు పొడవు తేడాతో వెనకుంచి పెట్టీ గెలిచాడు.

ఇది ఉత్త అదృష్టమంటారా? ఆ మనిషికి రెండు నెలల క్రితమే పుండ్లకి శస్త్రచికిత్స చేసి పొట్టలో సుమారు నలభై శాతం తీసేశారు. నలభైఐదు పందాలుగా గెలుపు మొహం చూడలేదు. అయినా వచ్చి కూర్చుని, 500 మైళ్లు నడిపి, అదృష్టం వచ్చే వేళకి అది వచ్చే చోట ఉన్నాడు. ఆ కుటుంబానికి డేటోనా గెలుపు తిన్నగా రావడం అలవాటు లేదు కాబోలు. 1959లో మొదటి పందెంలో అతని తండ్రి లీ పెట్టీ గెలిచాడని తేల్చడానికి, ఫొటోలూ న్యూసురీళ్లూ పరీక్షించేసరికి, మూడురోజులు పట్టింది.

ఇంతలో పచ్చికలో మరో పందెం మొదలైంది. తమ్ముడెలా ఉన్నాడోనని బాబీ కారాపాడు. దారి అడ్డింది నువ్వేనని కేల్ అతనిమీద పడ్డాడు. హెల్మెట్లూ పిడికిళ్లూ లేచాయి. కేల్ తన ముక్కుతో నా పిడికిలిని కొట్టాడని బాబీ ఆ తర్వాత చాలాకాలం చమత్కరించేవాడు. ముగ్గురికీ జరిమానా పడింది. ఆ బాబీ కూడా 2024 నవంబరులో పోయాడు.

దేశానికి గుర్తుండిపోయింది ఆ కొట్లాటే. ఆ ఆటకి దేశమంతా అభిమానులు పుట్టింది ఆ రోజునుంచేనని చెబుతారు. నాకు మాత్రం గుర్తున్నది దానికి ముందు గడిచిన కొద్ది సెకండ్లు. తప్పు డానీదని కొందరు, కేల్‌దని కొందరు ఇప్పటికీ వాదించుకుంటారు. ముందున్నవాడికి తన దారి ఎంచుకునే హక్కుందని మావాళ్ల వాదన. పక్కకి వచ్చేసిన మనిషిని గడ్డిలోకి నెట్టే హక్కు ఎవరికీ లేదని వాళ్ల వాదన. రెండిటిలోనూ పస ఉంది.

కాని ఒక్కమాట ఆలోచించండి. డానీ దారి ఇచ్చి ఉంటే రెండోవాడు. కేల్ కాలు ఎత్తి ఉంటే రెండోవాడు. రెండో స్థానం ఇద్దరి చేతిలోనూ ఉంది. ఇద్దరూ వద్దన్నారు. బురదలోంచి లేచి మూడు చుట్లు రాబట్టుకున్నవాణ్ణి ఆఖరి మైలులో ఆగమంటే ఆగుతాడా? ఆ రోజు అందరికంటే ఎక్కువ చుట్లు ముందు నడిచినవాణ్ణి తప్పుకోమంటే తప్పుకుంటాడా? మిగతావాళ్లని ఎంత వెనక వదిలారంటే, కార్లు నుజ్జయి ఆగిపోయినా డానీకి నాలుగో స్థానం, కేల్‌కి ఐదో స్థానం దక్కాయి.

కేల్ అంతకుముందు రెండుసార్లు, ఆ తర్వాత రెండుసార్లు డేటోనా 500 గెలిచాడు. బాబీ మూడుసార్లు గెలిచాడు. డానీ పెద్ద పందాలు పది గెలిచాడు గాని, ఇది మాత్రం ఎన్నడూ దక్కలేదు. కీర్తి మందిరం వారు నలభైఐదేళ్లకి పిలిచారు. సంతోషమే. కాని ఆవేళ అతను బుద్ధిమంతుడిలా పక్కకి జరిగి రెండోవాడుగా వచ్చి ఉంటే, అభిమానిగా నేనేం చేసేవాణ్ణని అప్పుడప్పుడు అడుక్కుంటాను. పందెం బాగా నడిపాడని మెచ్చుకునేవాణ్ణి. మరో ఏడాదికి మరిచిపోయేవాణ్ణి.