పిచ్చుక గూటికి రంగు డబ్బా వద్దు



ఖాళీ రంగు డబ్బాలతో, ప్లాస్టిక్ సీసాలతో పిచ్చుక గూళ్లు చేయమన్న మీ పత్రిక వ్యాసం చదివాను. ఉద్దేశం మంచిదే. కానీ మా పట్టిసీమ ఎండలకు రేకు డబ్బా పెనంలా కాలుతుంది. ఈకలైనా రాని పిల్లలు అందులో బతకవు. ప్లాస్టిక్‌ సీసాలో గాలి ఆడదు, చెమ్మ చేరుతుంది.

గూటికి ముప్పాతిక అంగుళం మందమున్న మామిడి చెక్క చాలు. లోపల రంగుగానీ వార్నిష్‌గానీ పూయకూడదు. సరుకు పెట్టెల చెక్క వాడేవారు దానిమీది ముద్ర చూడాలి. ‘హెచ్‌టి’ అంటే వేడితో శుద్ధి చేసింది. ‘ఎంబి’ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది. దాని జోలికి పోవద్దు. ద్వారం 32 మిల్లీమీటర్లు ఉంటే పిచ్చుక దూరుతుంది, గోరింక దూరదు. వాన నీరు పోయేలా అడుగున సన్నటి రంధ్రాలు పెట్టాలి.

పిచ్చుకల మేతకు చూరుకు వరికుచ్చులు కట్టే మంచి అలవాటు మనకుంది. అవీ పురుగుమందు కొట్టని చేనివైతేనే మేలు.

మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినోత్సవానికి బడిపిల్లలు మీ వ్యాసం చూసే గూళ్లు చేస్తారు. ఆలోపే సవరణ ప్రచురించమని మనవి.

— ఒక పాఠకుడు, పట్టిసీమ