పోలీసు చర్య – లెక్క చెప్పవలసిన బాధ్యత

ఆరాంఘర్ కూడలికి సమీపాన, శివరాంపల్లిలో, సర్దార్ పటేల్ పేరిట జాతీయ పోలీసు అకాడమీ ఉన్నది. ఆ దారిన బస్సులో పోయే విద్యార్థులలో ఎందరికి 1948 నాటి 'పోలీసు చర్య' స్ఫురిస్తుంది? ఆ పేరులోనే ఒక ప్రశ్న దాగి ఉన్నది.

ఆ ఏడు సెప్టెంబరు 13న హైదరాబాద్ సంస్థానంలో ప్రవేశించినది పోలీసు బలగం కాదు, భారత సైన్యం. 18న నిజాం సేనాని ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయినాడు. ఇది పరదేశంతో యుద్ధం కాదని, ఇంటి వ్యవహారమని చాటుటకే ఆ పేరు పెట్టబడినది. మంచిదే. అయితే పోలీసు పేల్చిన ప్రతి తూటాకు చట్టం ముందు లెక్క చెప్పవలసి ఉంటుంది. ఆ పేరును స్వీకరించిన ప్రభుత్వం ఆ బాధ్యతను కూడా స్వీకరించవలసినది.

రజాకార్ల దౌర్జన్యాలను మరువరాదు. భైరాన్‌పల్లి గ్రామస్థులు, 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ 1948 ఆగస్టులోనే హతులైనారు. ఆ అరాచకాన్ని అంతమొందించుట అవసరమే. కాని పరుల నేరానికి నిరపరాధులైన ముస్లిం గ్రామీణులు బలియగుట న్యాయమా?

నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీల బృందం 1948 చివరలో సంస్థానంలో పర్యటించింది. పోలీసు చర్య కాలంలోను, ఆ తరువాతను, తక్కువలో తక్కువ 27 వేల నుండి 40 వేల మంది మరణించినారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అధికంగా నష్టపోయినవి. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు సైతం లూటీలలో పాల్గొన్నారని బృందం వ్రాసింది. ప్రభుత్వం ఆ నివేదికను ప్రచురించక దశాబ్దాల పాటు మరుగుపరచింది. ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో అది లభ్యమని 2013లో పత్రికలు వెల్లడించినవి.

పాత గాయాన్ని రేపుట ఎందుకని కొందరంటారు. కట్టు విప్పి చూడని గాయం మానదు. నివేదికను దాచినందువలన మరుగైనది హత్యలు మాత్రమే కాదు. హిందూ నేతపనివారు తోటి ముస్లిం నేతపనివారిని ప్రాణాలొడ్డి కాపాడిన వృత్తాంతం కూడా అందులోనే ఉన్నది. పునర్నిర్మాణానికి అంతకన్న గట్టి పునాది ఏమున్నది? కూలిన ఇంటిని ధనంతో నిలబెట్టవచ్చును. కూలిన నమ్మకాన్ని సత్యంతోనే నిలబెట్టవలెను.

విద్యార్థి మిత్రులారా, ఉర్దూ, తెలుగు రెండూ వినబడే కళాశాల మనది. ఆ నివేదికను రెండు భాషలలో మన గ్రంథాలయానికి చేర్చవలసినదిగా కళాశాల కమిటీ వారిని కోరుచున్నాను. మీ ఇంటి పెద్దలు చెప్పిన జ్ఞాపకాలను, ఏ పక్షం వారివైనా, వ్రాసి ఉంచండి. ప్రభుత్వాన్ని లెక్క అడుగుట ద్రోహం కాదు, పౌరధర్మం.