అశోక్‌నగర్ కంబైన్డ్ స్టడీ

హైదరాబాద్‌లోని చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం రీడింగ్ హాల్లో గొంతు పెగలకూడదు. చర్చలన్నీ బయట టీ బండి దగ్గరే. "మనీ బిల్లును రాజ్యసభ ఆపలేదా అన్నా?" అని ఒక కుర్రాడు అడుగుతాడు. చంకలోని స్పైరల్ బైండింగ్ జిరాక్సు కట్ట తీసి, "14 రోజుల్లో తిప్పి పంపాల్సిందే" అంటూ అన్న మొదలుపెడతాడు. రాంనగర్ నుంచి అశోక్‌నగర్ దాకా హాస్టళ్లలో, అద్దె గదుల్లో దీన్నే కంబైన్డ్ స్టడీ అంటారు.

వీరు సిద్ధమయ్యే తెలంగాణ గ్రూప్-1 ఉద్యోగాలకు 2024 నోటిఫికేషన్‌లో పోస్టులు 563. పక్కవారికి నేర్పిన పాఠం తన ర్యాంకుకే ఎసరు పెట్టొచ్చు. అయినా నేర్పుతారు. కారణం పరీక్షలోనే ఉంది.

మెయిన్స్‌లో ర్యాంకుకు లెక్కించే పేపర్లు ఆరు, ఒక్కొక్కటి 150 మార్కులు. జనరల్ ఎస్సే దగ్గర మొదలై తెలంగాణ ఉద్యమం దాకా. బీటెక్ చదివినవారికి డేటా ఇంటర్‌ప్రెటేషన్ మంచినీళ్ల ప్రాయం. కాకతీయుల చెరువుల దగ్గరికొచ్చేసరికి కలం ఆగుతుంది. చరిత్రలో ఎం.ఏ. చేసినవారి కష్టం దీనికి తలకిందులు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటే ఇద్దరి లోటూ తీరుతుంది. అన్నిటికన్నా విలువైనది జవాబులు దిద్దుకోవడం. "ఉపోద్ఘాతమే పేజీ మింగేసింది, అడిగినదానికి సమాధానమేది?" అని తోటి అభ్యర్థి ఎర్ర గీత గీస్తే తప్ప రాసినవారికి ఆ లోపం కనపడదు.

ఈ తోడు చదువుకే కాదు. 2022 అక్టోబరులో జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్, పేపర్ లీకు వల్ల 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్పాలో తోచని రోజులవి. పుస్తకం మూసేసినవారి తలుపు తట్టి మళ్లీ కూర్చోబెట్టే స్నేహితులు అప్పుడు కావాలి. ఏ కోచింగ్ ఫీజుకూ ఆ సాయం దొరకదు.

ఇంత మంచి అలవాటుకు నీడ మాత్రం లేదు. చీకటి పడ్డాక ఫుట్‌పాత్ మీద నిలబడి వాదించుకోవడం అబ్బాయిలకు కుదిరినట్టు అమ్మాయిలకు కుదరదు. హాస్టల్ గేటు వేసే వేళవుతోందని చర్చ మధ్యలోనే లేవాలి. చదువుకునే హాలులో నిశ్శబ్దం ఉండాల్సిందే. దాని పక్కనే గొంతెత్తి మాట్లాడుకునేందుకు ఒక గది, నల్లబల్ల, నాలుగు బెంచీలు, వాటిలో అమ్మాయిలకు భద్రంగా చోటు ఉండాలి. ఆస్తి పన్నుతోపాటు 8 శాతం గ్రంథాలయ సెస్సు జనం కడుతూనే ఉన్నారు. ఆ గది ఖర్చు అందులోంచే పెట్టాలి.