మెట్టనేల రైతు - మేలిమి బంగారము

బంగారు నగలపై హాల్‌మార్కు ముద్ర నిర్బంధమని కేంద్రప్రభుత్వమువారు 2021 జూను 16వ తేదీ మొదలుకొని, 256 జిల్లాలలో, అమలు జరిపిరి. తరువాత క్రమక్రమముగా మరికొన్ని జిల్లాలకు దీనిని విస్తరింపజేసిరి. 2023 ఏప్రిల్ 1వ తేదీనుండి ముద్రతోపాటు ప్రతి నగకును ఆరు గుర్తుల ప్రత్యేక సంఖ్య యుండి తీరవలెనని నిర్ణయించిరి. శాసనము మంచిదే. పెద్ద పట్టణములలోని పెద్ద అంగళ్లు దీనికి లోబడినవి. కాని పలమనేరు, పుంగనూరు, సత్యవేడు ప్రాంతముల పల్లెలనుండి పెండ్లి నగలు కొనవచ్చువారిలో ఆ సంఖ్యను చదివి చూచుకొనువా రెందరు? ముద్ర వేయించుట ప్రభుత్వము పని. చదువుట కొనువాని పని. చదువబడని ముద్ర గోడమీది గీతవంటిది.

ఈ విషయము స్త్రీల యలంకారములకు సంబంధించిన చిన్న సంగతి యని మన పెద్దమనుష్యులలో కొందరు త్రోసివేయుదురు. మే మట్లు తలపము. 2022 ఏప్రిల్‌లో విభజింపబడిన పూర్వపు చిత్తూరు జిల్లా ముఖ్యముగా మెట్టసీమ. చెరువు నిండిన యేడు వరి. నిండని యేడు వేరుసెనగ. అదియు ఎండిన యేడు అప్పు. ఇట్టిచోట గాదెలోని ధాన్యము ఒక యేటికి నిలుచును. మెడలోని కాసులపేరు నాలుగేండ్ల కరవునకు నిలుచును. బోరు వేయవలెనన్నను, విత్తనము కొనవలెనన్నను, పిల్లవానిని కళాశాలకు పంపవలెనన్నను రైతు మొట్టమొదట భార్య ముఖమువైపు చూచును. ఆమె పెట్టెవైపు చూచును. పదునైదేండ్లక్రితము పెండ్లినాడు పెట్టిన హారము ఆనాడు బ్యాంకు బల్లమీదికి వచ్చును. మదింపుచేయువాడు దానిని రాతిమీద గీసి, చుక్క ఆమ్లము వేసి, తల అడ్డముగా ఊపును. రసీదు లేదు. అమ్మిన అంగడి ఎత్తివేసి యేండ్లయినది. ఆ దంపతులు ఒకరి ముఖ మొకరు చూడలేక మరల బస్సెక్కుదురు. నకిలీ నగ మోసము కొన్ననాడు బయటపడక, అవసరము పడిననాడే బయటపడును. దొంగ యెత్తుకొనిపోయిన సొమ్మునకైనను ఆనాడే ఏడ్చి ఊరుకొందుము. ఇది యిన్నేండ్లు ఇంటిలోనే యుండి నమ్మించిన దొంగతనము.

నకిలీ అన్నంతనే గిల్టు పనివారిని నిందించుట మా యుద్దేశము కాదు. మచిలీపట్టణమున చిలకలపూడి పనివారు తరతరములుగా గిల్టు నగలు చేయుచున్నారు. చిలకలపూడి బంగారమని పేరు పెట్టియే అమ్ముదురు. పేరు పెట్టియే కొందురు. అందులో మోసమేమున్నది? అది నిజాయితీగల పరిశ్రమ. వేలకొలది కుటుంబములకు కూడు పెట్టుచున్నది. ఈ మధ్య వన్ గ్రామ్ గోల్డని వాడుకలోనికి వచ్చిన నగలును ఈ కోవలోనివే. ఆ పేరు విని అందు గ్రాము బంగారము గలదని మాత్రము ఎవరును భ్రమపడరాదు. గిల్టును గిల్టని చెప్పక బంగారమని అంటగట్టుటయే నేరము. అంతకంటె సూక్ష్మమైన నేరము మరియొకటి గలదు: పదునెనిమిది కారెట్ల నగను ఇరువదిరెండని అమ్ముట. దీనిని కన్ను పట్టదు, చేయి పట్టదు. ఐదు సవర్ల హారము, అనగా 40 గ్రాములు, ఇరువదిరెండు కారెట్లదైనచో అందు మేలిమి 36.64 గ్రాములు, పదునెనిమిదైనచో 30 గ్రాములే. ఆరున్నర గ్రాములకు పైగా మేలిమి, చిరునవ్వుతో ఇచ్చిన తాంబూలముతోపాటు, అంగడిలోనే ఉండిపోవును.

ఇవి నేటి విద్యలు కావు. కౌటిల్యుని అర్థశాస్త్రము రెండవ అధికరణమున కంసాలి బంగారమును హరించు ఉపాయములను ఐదింటిని పేర్కొన్నాడు: తులావిషమము, అపసారణము, విస్రావణము, పేటకము, పింకము. త్రాసును వంకరచేయుట మొదటిది. సీసపు తునకకు బంగారు రేకు తొడిగి అతికించుట పేటకములోనిది. నేటి బజారులోని మోసములను ఈ ఐదింటిలో దేనిలోనో ఒకదానిలో చేర్చవచ్చును. గుల్ల నగలో లక్క నింపి లక్కను బంగారముతోపాటు తూచుట, రాళ్ల తూనికను తీసివేయకుండుట, తరుగు పేరిట రెండుమార్లు వసూలు చేయుట - ఇవి పాత పద్యమునకు కొత్త రాగములు.

కేడీయం అను మాటను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. మన ప్రాంతమున నేటికిని నగ కేడీయం అన్నచో అది స్వచ్ఛమైనదని గృహస్థులు తృప్తిపడుచున్నారు. కేడీయ మనగా కాడ్మియము. అది టాంకము పెట్టుటకు వాడిన లోహము పేరు, బంగారపు వన్నె పేరు కాదు. తక్కువ వన్నె నగమీద ఆ మూడక్షరములు కొట్టుటకు అడ్డమేమియు లేదు. పైగా కాడ్మియపు పొగ కొలిమియొద్ద కూర్చుండు పనివాని ఊపిరితిత్తులకు విషము. ఆ మాటకు మన్నన తగ్గుటయే మంచిది.

ఇక ఇంటివద్ద జరుపు పరీక్షలు. అయస్కాంతము పెట్టి అంటకున్నచో బంగారమే యని సంతోషించువారు గలరు. రాగియు అంటదు, ఇత్తడియు అంటదు, వెండియు అంటదు. ఆ పరీక్ష ఇనుము వంటి లోహములను మాత్రమే పట్టును. నీటి పరీక్ష అంతకంటె మేలు. గ్రీకు పండితుడు ఆర్కిమిడీసు పేరిట ప్రసిద్ధమైనది అదియే. పది సవర్ల గట్టి నగ, 80 గ్రాములు, ఇరువదిరెండు కారెట్లదైనచో సుమారు నాలుగున్నర ఘనసెంటీమీటర్ల నీటిని తొలగించును. అంత తూనికగల రాగి తొమ్మిదింటిని తొలగించును. కాని టంగ్‌స్టన్ అను లోహము బంగారముతో ఇంచుమించు సమానమైన సాంద్రత గలది. దానిని లోన పొదిగినచో నీరును మోసపోవును. గీటురాయి మన కంసాలులకు పుట్టుకతో వచ్చిన విద్య. అనుభవజ్ఞుని కన్ను గీతను చూచి వన్నెను చాలవరకు చెప్పగలదు; గీతమీద నత్రికామ్లము వేసినచో ఇత్తడి కరగిపోవును, మేలిమి నిలుచును. కాని రాయి పైపొరనే గీయును; దళసరి పూతకు అదియు లోబడును. యంత్రముతో కిరణములు పంపి చూచు పరీక్షకును ఇదియే కొరత. తుది తీర్పు అగ్నిది. నగనుండి గీచి తీసిన తునకను వెండితో చేర్చి, సీసపు రేకులో చుట్టి కరగింతురు; నీచలోహములు సీసముతోపాటు మూసలో ఇంకిపోవును; మిగిలిన పూసనుండి వెండిని నత్రికామ్లముతో తీసివేసి, నిలిచిన మేలిమిని తూతురు. హాల్‌మార్కు పరీక్షకు ఆధారము ఇదే. పూర్వులు పదారువన్నె యనిరి. నేడు వేయింటికి 916 అనుచున్నారు.

నగమీద చూడవలసినవి మూడు: బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్సువారి త్రికోణపు గుర్తు, 22కె916 వంటి వన్నె గుర్తు, అంకెలు, ఆంగ్లాక్షరములు కలిసిన ఆరు గుర్తుల సంఖ్య. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ అను యాప్‌లో చేతి ఫోనుమీద కొట్టినచో ఏ కేంద్రము ముద్రవేసినదో, ఎన్నడు వేసినదో, నగ ఏదో, వన్నె యెంతో తెలియును. చేతిలోనిది గొలుసు, ఫోను చూపునది ఉంగర మైనచో అంతటితో లేచి రావలెను. ముద్ర యున్న నగలో వన్నె తక్కువైనట్లు తేలినచో, ఆ తక్కువకు రెట్టింపు ధరయు పరీక్ష ఖర్చును కొన్నవానికి చెల్లింపవలెనని 2018 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. రసీదు లేనివాడు ఈ హక్కును దేనితో అడుగును?

శాసనములో కంతలు లేకపోలేదు. రెండు గ్రాములకు తక్కువైన వస్తువులకు ముద్ర అక్కరలేదు. ముక్కుపుడకలు, చిన్న కమ్మలు ఇందులో జారిపోవును. కుందనపు పనికిని మినహాయింపు గలదు. సంవత్సరమునకు 40 లక్షల రూపాయలలోపు వ్యాపారము చేయు అంగళ్లకును శాసనము వర్తింపదు. ఈ చివరిదానిని చాటుచేసికొని, మేము చిన్నవారము, మాకు ముద్ర లేదని చెప్పు వర్తకులు పెక్కుమంది. పాఠకులు ఒక చిన్న లెక్క వేసికొందురు గాక. 2025లో పది గ్రాముల మేలిమి ధర లక్ష రూపాయలు దాటినది. ఆ లెక్కను 40 లక్షలనగా ఏడాదికి నాలుగువందల గ్రాములు, యాభై సవర్లు. ఒక్క మాఘమాసములో అంతకుమించి అమ్ము అంగడి చిన్నదెట్లగును? ప్రభుత్వము ఈ మినహాయింపును ఎత్తివేయుట న్యాయము; అంతవరకు కొనువారే ఎత్తివేయవలెను.

అయినను కంసాలివృత్తినంతటిని అనుమానించుట అన్యాయము. 1963 జనవరిలో బంగారపు నియంత్రణ నిబంధనలు వచ్చి, పదునాలుగు కారెట్లకు మించిన కొత్త నగలు చేయరాదని శాసించినప్పుడు దేశమంతటను పనివారి కొలుములు చల్లారినవి. ఎన్నో కుటుంబములు వీధిన పడినవి. 1968లో చట్టమై నిలిచిన ఆ నియంత్రణ 1990లో గాని తొలగలేదు. వన్నెను శాసించబోయి వృత్తిని కూల్చిన తప్పు ఆనాడు జరిగినది. నేటి శాసనము వన్నెను చెప్పుమని మాత్రమే అడుగుచున్నది. నిజాయితీగల పనివానికి ఇది శత్రువు కాదు. అన్నట్లు, కుప్పముప్రాంతమున చిగురుగుంట, బిసానత్తము గనులు 2001లో కోలారు గనులతోపాటు మూతపడినవి. బంగారము పుట్టిన నేలమీదనే బంగారము పోల్చుట తెలియక మోసపోవుచున్నాము!

అసలు అడ్డంకి మొగమాటము. తరతరముల కంసాలిని రసీదు అడుగుట అవమానమని, వియ్యపువారు పెట్టిన నగను తూచుట మర్యాద కాదని మనవారి భావము. శ్రీకృష్ణదేవరాయలు 1513 మొదలు ఏడుమారులు తిరుమలకు వచ్చి స్వామికి కిరీటములు, హారములు సమర్పించెను. ఆ నగల వివరములను, తూనికలతోసహా, రాతిమీద చెక్కించిరి. చక్రవర్తి దేవునికిచ్చిన నగకు లెక్క యున్నప్పుడు, రైతు కూతునికిచ్చిన నగకు లెక్క అడుగుట తప్పెట్లగును?

కొన్నదానిని కాపాడుకొనుటయు నేర్వవలసినదే. పల్లెలలో నగలకు మెరుగు పెట్టుదుమని తిరుగు అపరిచితులకు గాజునైనను చేతికీయరాదు. వారి గిన్నెలోనిది నత్రికామ్లము, హైడ్రోక్లోరికామ్లము కలిసిన రాజద్రావకము. అది బంగారమునే కరగించును. నగ ధగధగలాడుచు తిరిగి వచ్చును, తూనిక మాత్రము తగ్గియుండును. కరగినది గిన్నెతోపాటు ఊరు దాటిపోవును. మన అవ్వలు వాడిన గోరువెచ్చని కుంకుడురసము, మెత్తని కుంచె చాలును. బట్టలు తెలుపుచేయు క్లోరిను నీరు, పాదరసము తగులనీయరాదు. ముత్యము సున్నపు జాతిది. చెమట, అత్తరు, పులుసు దానికి పడవు. తీసినవెంటనే తుడిచి, గట్టి నగలతో రాచుకొనకుండ వేరుగుడ్డలో చుట్టవలెను.

పాత నగలకు ముద్ర యుండదు. ఇంటివారు వానిని గుర్తింపుపొందిన పరీక్షాకేంద్రమునకు తీసికొనిపోయినచో నాలుగు నగలవరకు 200 రూపాయల రుసుముతో పరీక్షించి పత్రము నిత్తురు. కుదువపెట్టు నగను ఋణము తీసికొనువాని యెదుటనే పరీక్షించి, వన్నెను, మొత్తము తూనికను, రాళ్లకై తీసివేసిన తూనికను వ్రాసి యీయవలెనని రిజర్వు బ్యాంకువారు 2025 జూనులో ఆదేశించిరి. 2026 ఏప్రిల్ 1వ తేదీ దానికి గడువు. ఆ పత్రమును అడిగి తీసికొని, పట్టాదారు పాసుపుస్తకముతోపాటు అదే పెట్టెలో పెట్టవలెను. ఈ వేసవిలో, పెండ్లిండ్లకు ముందుగా, తాలూకా కేంద్రములలోను వారపుసంతలలోను అధికారులు పరీక్షా శిబిరములను నడుపవలెనని జిల్లా కలెక్టర్లను కోరుచున్నాము.