కొండమీద రెండు రాత్రులు

పొద్దున్నే ఆరింటికి విశాఖలో కారెక్కడం. తొమ్మిదిన్నరకి బొర్రా, పదకొండున్నరకి కటికి జలపాతం, అరకులో భోజనం, ఆ పైన మ్యూజియం, పద్మాపురం తోట, చాపరాయి, వెలుతురుంటే గాలికొండ... రాత్రి పదింటికల్లా మళ్లీ విశాఖ! అరకు అంటే చాలా ఇళ్లలో ఇదే ప్రయాణం. కాగితం మీద రాసుకున్న పేర్లన్నిటికీ టిక్కులు పడతాయి. నాన్నకి తృప్తి. వెనక సీట్లో నాలుగేళ్ల పాప రెండుసార్లు వాంతి చేసుకుని అమ్మ ఒళ్లో వాలిపోతుంది. ఎనిమిదేళ్ల బాబు ఫోన్లో ఆటలో ఉంటాడు. మర్నాడు తాతయ్య ‘ఏం చూశావురా?’ అంటే వాడు చెప్పేది ఒక్కటే. బొర్రా దగ్గర కోతి తన చిప్స్ ప్యాకెట్ లాక్కుపోయిందని!

వాడి తప్పేం లేదు. పెద్దవాళ్లకి చూసిన చోట్ల లెక్క కావాలి. పదేళ్లలోపు పిల్లలకి ఒక్క చోటు చాలు. అందులో కాసిని నీళ్లు, కాస్త మట్టి, ఎక్కడానికి ఓ బండ, తొందరపెట్టని అమ్మానాన్నా. ఏడు చోట్లకి తిప్పే బదులు ఒక్కచోట రెండు రాత్రులు ఉంటే అదే అరకు దారి పిల్లలకి వేరే లోకం అవుతుంది. ఖర్చు కూడా అనుకున్నంత పెరగదు. పెరిగేది సెలవు ఒక్కటే.

ఉండటానికి అరకు ఊళ్లోనే దిగాలనేం లేదు. విశాఖ నుంచి సుమారు 75 కిలోమీటర్లు వెళ్తే ఘాట్ మధ్యలో టైడా వస్తుంది. పర్యాటక అభివృద్ధి సంస్థ అక్కడ ‘జంగిల్ బెల్స్’ పేరుతో చెట్ల నడుమ కాటేజీలు కట్టింది. ఇంకాస్త పైన అనంతగిరిలో, అరకులో కూడా దిగడానికి బసలున్నాయి. ఎక్కడైనా సరే, గది మాట్లాడుకునేటప్పుడు ఏసీ ఉందా అని కాదు అడగాల్సింది. కిటికీలకి దోమల జాలీ ఉందా, వేణ్నీళ్లు ఏ వేళకి ఇస్తారు, అడవిలోకి తీసుకెళ్లడానికి స్థానికులు ఎవరైనా తోడొస్తారా... ఇవీ ప్రశ్నలు.

వెళ్లేటప్పుడు రైల్లో వెళ్తే సగం సరదా దారిలోనే దొరుకుతుంది. విశాఖ నుంచి పొద్దున్నే బయల్దేరే కిరండూల్ పాసింజర్ ఎక్కాలి. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి 1960ల్లో జపాన్ సహకారంతో వేసిన లైను ఇది. బొడ్డవర దాటగానే రైలు కొండెక్కడం మొదలుపెడుతుంది. ఇక వరసగా సొరంగాలే. మొత్తం 58 అని చెబుతారు. లెక్కపెట్టే పని బాబుకి అప్పగించేస్తే సరి. ఒక్కో సొరంగంలో పెట్టెంతా కేకలు! 2017లో అద్దాల పెట్టె తగిలించాక దానికి గిరాకీ ఎక్కువైంది. టికెట్లు ముందే చేయించుకోవాలి. దొరక్కపోతే దిగులొద్దు. మామూలు పెట్టెలో కిటికీ పక్క సీటు దానికేం తీసిపోదు. గాలి తగులుతుంది కదా, పిల్లలకి అదే నయం కూడా.

కారులోనే వెళ్లేవాళ్లకి మాత్రం శృంగవరపుకోట దాటాక మలుపులు మొదలవుతాయి. వాంతులూ అక్కడే. రెండేళ్లలోపు పసివాళ్లకి ఈ బాధ తక్కువ. రెండు నుంచి పన్నెండేళ్ల లోపు వాళ్లకే ఎక్కువ. కారు మలుపు తిరుగుతోందని చెవిలోపలి భాగం చెబుతుంటే, ఫోను మీదో బొమ్మల పుస్తకం మీదో ఉన్న కళ్లు ‘కదలడం లేదే’ అంటాయి. ఆ తగువే వాంతి. కాబట్టి ఘాట్‌లో ఫోన్లు లోపల, కళ్లు బయట. ఎస్.కోటలో పూరీ, కూరా, ఆపైన పాలూ పట్టించేసి కొండెక్కించడం కంటే రెండు ఇడ్లీలతో ఎక్కించడం మేలు. మాత్ర వెయ్యాలంటే పిల్లల డాక్టర్ని అడిగి, కొండ ఎక్కకముందే వెయ్యాలి. మొదలయ్యాక వేస్తే అదీ బయటికే వస్తుంది.

‘అంత ఎత్తుకి పిల్లలేంటి, ఊపిరాడొద్దూ?’ అని నాయనమ్మలు భయపడుతుంటారు. ఆ చిక్కు దాదాపు 2500 మీటర్లు దాటాక వచ్చేది. ఈ లైనులో ఎత్తయిన స్టేషను శిమిలిగూడ కూడా వెయ్యి మీటర్ల లోపే, 996 మీటర్లు. బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తయినదని ఒకప్పుడు పేరుండేది. కశ్మీర్ లోయకి రైలు వచ్చాక ఆ పేరు పోయింది. ఇక్కడ చూసుకోవాల్సింది చలి. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. పగలు చొక్కాతో తిరిగిన పిల్లలు డిసెంబరు రాత్రికి స్వెట్టరూ, టోపీ, సాక్సూ అన్నీ అడుగుతారు.

బొర్రా గుహలు స్టేషన్లో దిగేస్తే గుహలు దగ్గరే. సున్నపురాయిలో నీరు వేల ఏళ్లపాటు చేసిన పని అది. పైకప్పు నుంచి చుక్కచుక్కగా జారే నీళ్లలోని సున్నం పేరుకుని పైనుంచి ఊడల్లా దిగుతుంది. కింద పడిన చుక్క కింద నుంచి పుట్టలా లేస్తుంది. ఆ పుట్టనే శివలింగమని కొలుస్తారు. ఇదంతా చెబితే బాబు వింటాడు. పాపకి మాత్రం గబ్బిలాలు కావాలి. గుహ మీదుగా రైలు పోతుందని చెబితే ఇద్దరూ ఒకేసారి తలెత్తి చూస్తారు! దిగిన మెట్లన్నీ మళ్లీ ఎక్కాలి కాబట్టి పాపని ఎత్తుకోవడానికి ఎవరి వంతు ఎప్పుడో దిగేముందే తేల్చుకోవడం మంచిది. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మకి పైనే కుర్చీ చూడాలి. అక్కడి నుంచి జీపు మాట్లాడుకుంటే సాయంత్రానికి టైడా.

అసలు సాహసం చీకటి పడ్డాక మొదలవుతుంది. ఊళ్లో పుట్టి పెరిగిన పిల్లలకి నిజమైన చీకటి తెలీదు. వీధిదీపమో, పక్కింటి టీవీనో, ఏదో ఒక వెలుగు ఉండనే ఉంటుంది. ఇక్కడ కరెంటు పోతే చెయ్యి కనబడదు. కీచురాళ్ల రొద చెవులు హోరెత్తిస్తుంది. పాప ఏడుస్తుంది, ఇంటికి పోదామంటుంది. ఆ పావుగంటే కష్టం. ‘ఏం లేదులే, పడుకో’ అంటే కుదరదు. బయట మెట్ల మీద ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఒక్కో చప్పుడు ఏమిటో చెబితే సర్దుకుంటుంది. ఇది కీచురాయి, అది కప్ప, అదిగో ఆ ఠక్‌ఠక్ కప్పు మీద పడ్డ కాయ. తెలీనిది వచ్చినప్పుడు ‘తెలీదమ్మా, పొద్దున అడుగుదాం’ అనొచ్చు. ఆ పూట నాయనమ్మ చెప్పే కథ కరెంటున్న ఇంట్లో చెప్పినట్టుండదు. ఫోను సిగ్నల్ సరిగ్గా అందకపోవడం ఇక్కడి సౌకర్యాల్లో ఒకటి!

రెండోరోజు ఎక్కడికీ వెళ్లకూడదు. కాగితం రాసుకున్న నాన్నలకి ఇదే మింగుడుపడదు. పొద్దున్నే స్థానికుణ్ని తోడు తీసుకుని అడవిలో ఓ కిలోమీటరు నడక. నాలుగేళ్ల పిల్లకి అది గంటన్నర. ఎందుకంటే ప్రతి చెదపుట్ట దగ్గరా ఆగాలి, ప్రతి ఈకా ఏరాలి. పైన అనంతగిరి వైపు సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు. శీతాకాలంలో వెళ్తే ఎర్రగా పండిన కాఫీ కాయలుంటాయి. తోటవాళ్లని అడిగి ఒకటి నోట్లో వేసుకుంటే పైగుజ్జు తియ్యగా ఉంటుంది. అమ్మ తాగే చేదు కాఫీ ఇందులోంచే వచ్చిందంటే బాబు నమ్మడు. అరకు లోయ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గింజ గిరిజనుల పెరట్లోంచి దేశదేశాలకి పోతోంది.

రాత్రి మంట దగ్గర థింసా ఆడించే బసలుంటాయి. ఒకరి వెనక ఒకరు నడుముల మీదుగా చేతులు పెనవేసుకుని స్త్రీలు వేసే ఆ అడుగులు పిల్లలకి ఇట్టే వచ్చేస్తాయి. కలవనివ్వండి. అయితే ఫొటో తీసేముందు ‘తీసుకోవచ్చా అక్కా?’ అని పిల్లల చేతే అడిగించాలి. వారపు సంతలోనూ అంతే. అక్కడ కూర్చున్నవాళ్లు అడ్డపిక్కలూ అల్లమూ అమ్ముకోవడానికి వచ్చినవాళ్లు, మన ఆల్బమ్ కోసం కాదు. భోజనంలో బొంగు చికెన్ గురించి పెద్దలే ఎక్కువ హడావుడి చేస్తారు. పిల్లలకి కారం తగ్గించమని బొంగులో కూరకముందే చెప్పాలి.

ఒక్కచోట మాత్రం నాన్న కఠినంగానే ఉండాలి. నీళ్ల దగ్గర. చాపరాయి చూడటానికి పిల్లల జారుడుబల్లలా ఉంటుంది. ఏటవాలు బండ మీద పల్చగా పారే నీళ్లు. ఆ బండకి నాచు ఉంటుంది, కింద గుంటలుంటాయి. పైన ఎక్కడో వానపడితే ఇక్కడ ఎండగా ఉండగానే నీరు పెరుగుతుంది. పదేళ్లలోపు పిల్లలు చెయ్యి అందేంత దూరంలోనే ఉండాలి. ఒడ్డున కూర్చుని కేకేసేంత దూరం చాలదు. వానాకాలంలో చూసి వచ్చేయడమే.

రెండోది దోమ. ఏజెన్సీలో మలేరియా పాత శత్రువు. దాన్ని మోసే దోమ పొద్దుగూకింది మొదలు తెల్లారేదాకా కుడుతుంది. అంటే సాయంత్రం అయిదు నుంచీ పొడుగుచేతుల చొక్కా, ప్యాంటు, ఒంటికి దోమల మందు, రాత్రికి దోమతెర. రెండు నెలలలోపు పసిబిడ్డకి ఆ మందు రాయకూడదు, తెర ఒక్కటే దారి. అసలు పొరపాటు జరిగేది ఇంటికొచ్చాక. కుట్టిన రోజే జ్వరం రాదు. వారం తర్వాత, తరచుగా పది పదిహేను రోజులకి, ఒక్కోసారి నెలలకి వస్తుంది. అప్పటికి అరకు సంగతి అందరూ మర్చిపోయి ఉంటారు. ఐస్‌క్రీం తిన్నందుకే వచ్చిందనుకుని సిరప్ పోస్తారు. తిరిగొచ్చిన మూడు నెలల్లో పిల్లలకి జ్వరం తగిలితే ‘ఏజెన్సీకి వెళ్లొచ్చాం’ అని డాక్టరుకి మొదటి మాటగా చెప్పాలి. రక్తపరీక్ష అదే రోజు చేయించాలి.

వెళ్లడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి బాగుంటుంది. నవంబరు, డిసెంబరుల్లో వలిసె పూలు పొలాలంతా పసుపు పరుస్తాయి. అందరూ అప్పుడే వెళ్తారు కాబట్టి శని, ఆదివారాలు వదిలేసి వారం మధ్యలో చూసుకుంటే గదీ దొరుకుతుంది, గుహలో నడవడానికి చోటూ దొరుకుతుంది. సంచిలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జ్వరం మందు, రెండు జతలు ఎక్కువ బట్టలు, తడిసినా ఫర్వాలేని చెప్పులు. ఇక టార్చిలైట్లు. ఇంటికి ఒకటి కాదు, పాపకొకటి, బాబుకొకటి, ఎవరిది వాళ్లకే.