రెండు లక్షలు పెట్టి చెడగొట్టిన బండికి లక్ష ఎక్కువిస్తారా?

మొన్న లంచ్‌లో మా టీమ్‌లో ఒకతను ఫోన్ తీసి ఒక పాత జిప్సీ ఫొటోలు చూపించాడు. ఎత్తు పెంచిన సస్పెన్షన్, ట్రాక్టర్‌వేమో అనిపించే టైర్లు, ముందు ఇనప బంపరు, దానికో వించ్, పైన లైట్ల వరస. "ఓనర్ రెండు లక్షలు పెట్టాడు బాసూ, మామూలు బండి కన్నా లక్షే ఎక్కువ అడుగుతున్నాడు. అంటే మనకి లక్ష లాభమేగా" అన్నాడు. టేబుల్ చుట్టూ అయిదుగురం ఉన్నాం, నలుగురు తలూపారు. అందరూ ఇంజినీర్లే! నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే 2023 చివర్లో సరిగ్గా ఇదే లెక్క వేసుకుని నేను మునిగాను.

అందుకే ముందే చెప్పేస్తున్నా. సెకండ్ హ్యాండ్‌లో చిన్న ఫోర్ బై ఫోర్ కొనాలనుకుంటే, మార్పులు చేసిన బండి కొనకండి. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉన్న, చూడ్డానికి చప్పగా ఉన్న బండి కొనండి. అది దొరక్కపోతే దొరికేదాకా ఆగండి.

నేను కొన్నది 2009 మోడల్ జిప్సీ కింగ్. సస్పెన్షన్ ఎత్తు పెంచారు, పెద్ద టైర్లు వేశారు. ముందు ఇరుసు దగ్గర స్టీరింగ్ డ్యాంపర్ కొత్తగా మెరుస్తోంది. అబ్బ, ఎంత బాగా చూసుకున్నాడో అని మురిసిపోయాను. సిటీలో నలభైలో తిప్పి చూశా, స్టీరింగ్ రాయిలా ఉంది. డబ్బు కట్టేశా.

ఆ సంక్రాంతికి అమ్మానాన్నలని ఎక్కించుకుని ఊరికి బయల్దేరా. సూర్యాపేట దాటాక, మీటరు 80 చూపిస్తుండగా, రోడ్డు మీద చిన్న అతుకు తగిలింది. అంతే, స్టీరింగ్ అటూ ఇటూ కొట్టుకోవడం మొదలెట్టింది. వణకడం కాదండీ, చేతుల్లోంచి లాక్కోవడం. వెనక లారీ. ఎలాగో వేగం తగ్గించుకుంటూ పక్కకి తెచ్చి ఆపాను. నాన్న ఏమీ అనలేదు, నీళ్ళ సీసా మూత తీసి చేతికిచ్చారు. అమ్మ వెనక అడ్డంగా ఉండే బెంచీ మీద కూర్చుంది, దానికి బెల్టు లేదు. "మిగతా దూరం బస్సులో పోదాం నాన్నా" అంది. బస్సులోనే పంపాను.

అక్కడి మెకానిక్ బాబాయ్ ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాడు. కడక్ కడక్‌మని ఆడింది. కింగ్ పిన్ బేరింగులు అరిగిపోయాయి. సస్పెన్షన్ ఎత్తు పెంచినప్పుడు ఇరుసు కోణం మారింది, దాన్ని ఎవరూ సరిచేయలేదు. మరి కొత్త డ్యాంపరో? ఈ ఊపుని దాచడానికే. మన భాషలో చెప్పాలంటే, బగ్ ఫిక్స్ చేయకుండా ఎక్సెప్షన్‌ని పట్టుకుని మింగేశారన్నమాట. లాగ్‌లో ఏమీ కనపడదు, ప్రొడక్షన్‌లో కూలుతుంది. ప్రొడక్షన్‌లో మా అమ్మ ఉంది.

ఇక పెద్ద టైర్ల సంగతి. టైరు వ్యాసం పది శాతం పెరిగితే ఒక్కో చుట్టుకి బండి పది శాతం ఎక్కువ దూరం పోతుంది, మీటరుకి మాత్రం ఆ విషయం తెలీదు. 80 చూపిస్తే మీరు 88లో ఉన్నట్టు. అరవై వేలు తిరిగిందని చూపిస్తే నిజానికి అరవయ్యారు వేలు. పైగా ఆ 1.3 లీటర్ల చిన్న ఇంజిన్‌కి లాగే శక్తి తగ్గుతుంది, బ్రేకుల మీద, బేరింగుల మీద బరువు పెరుగుతుంది. ఇందుకా మనం లక్ష ఎక్కువిచ్చేది?

చట్టం సంగతీ చూద్దాం. కంపెనీ స్పెసిఫికేషన్‌కి, ఆర్సీలో రాసినదానికి తేడాగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చి చెప్పింది. సొంత బండి ఆర్సీ పదిహేనేళ్ళకి అయిపోతుంది, ఆ తర్వాత తనిఖీ చేయించి అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. కారుకి ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5000కి పెరిగింది. నా 2009 బండికి 2024లో ఆ గడువొచ్చింది. అసలు సైజు టైర్లు, అసలు కమాన్ పట్టీలు మళ్ళీ వెతికి కొని బిగించాకే పని జరిగింది. అంటే, మార్చినందుకు డబ్బిచ్చాను, మార్చింది తీసేయడానికీ డబ్బిచ్చాను.

"మరి కొండల్లోకి, బురదలోకి వెళ్ళాలంటే మార్పులు వద్దా?" అంటారు. మీరు వెళ్ళేది ఏడాదికి రెండుసార్లు, వికారాబాద్ అనంతగిరి దాకా. మిగతా రోజులు గచ్చిబౌలి ట్రాఫిక్కే. టన్నుకి అటూ ఇటూ బరువుండే జిప్సీ అసలు రూపంలోనే ఆ బురద దాటేస్తుంది. ఇంకో మాట, గుడికెళ్ళడానికి ఎవడూ వించ్ బిగించుకోడు. వించ్ ఉన్న బండి అంటే రాళ్ళ మీద దెబ్బలు తిన్న బండని అర్థం చేసుకోండి.

కొనేటప్పుడు పైన కాదు, కింద చూడండి. టార్చి తీసుకెళ్ళండి. ఛాసిస్‌కి వెల్డింగ్ అతుకులున్నాయా, మ్యాట్ల కింద ఫ్లోర్ తుప్పు పట్టిందా చూడండి. చక్రం లేపి ఊపండి. మట్టి నేల మీద ఫోర్ హై, ఫోర్ లో రెండూ వేసి నడపండి. గేరు దానంతటదే ఊడినా, ట్రాన్స్‌ఫర్ కేస్ అరిచినా వదిలేయండి. ఇది ఎండిన తారు రోడ్డు మీద చేయకండి. జిప్సీ, జిమ్నీ, థార్‌లలో ముందు వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ ఉండదు, మలుపులో చక్రాలు జారే వీల్లేక లోపలి గేర్లు బిగుసుకుంటాయి. తర్వాత హైవే మీద ఎనభై దాకా తీసుకెళ్ళండి, ఒక్కరే. ఓనర్ ఒప్పుకోకపోతే అదే మీకు జవాబు. అన్నిటికన్నా ముఖ్యం, ఫోర్ బై ఫోర్ కదలడానికే సాయం చేస్తుంది, ఆగడానికి కాదు. బ్రేకులు ప్రతి కారుకీ నాలుగు చక్రాలకే ఉంటాయి.

బండి మీద నాకు కోపం లేదండీ. బేరింగులు మార్చి, అసలు రూపానికి తెచ్చాక నా జిప్సీ బుద్ధిగా నడుస్తోంది. ఇంకా నా దగ్గరే ఉంది. అమ్మ మాత్రం ఇప్పటికీ ఎక్కదు.

శనివారం ఆ టీమ్ అబ్బాయితో బండి చూడ్డానికి వెళ్తున్నా. టార్చి, జాకీ నేనే తెస్తానన్నాను. మీకు తెలిసిన చప్పటి, చెక్కు చెదరని బండి ఏదైనా ఉంటే చెప్పండి, అతనికి చూపిస్తా. రెండు లక్షలు పెట్టిన బండి గురించి మాత్రం దయచేసి చెప్పకండి.